మూడు కబ్జాలు, ఒక చేతగానివాడు

ఫోను చేసిన ప్రతిసారీ ముందు ఎవరో దగ్గి, ఆ తర్వాత మనిషికీ మనిషికీ ఆరడుగుల దూరం ఉండాలని బుద్ధి చెప్పే ఆ రోజుల్లో, మా ఇంట్లో ఏ ఇద్దరి మధ్యనైనా ఆరడుగులు తేవాలంటే ఒకరిని కిటికీలోంచి బయటికి వేలాడదీయవలసి వచ్చేది. సూరత్‌లో లింబాయత్‌ వైపు ఒక సందులో కింద ఇరవై నాలుగు మరమగ్గాల కార్ఖానా, దాని నెత్తిన మా రెండు గదుల ఇల్లు. ముందు గదిలో వంట, తిండి, టీవీ, నేను. వెనక గదిలో బాపు, అమ్మ, నూలు సంచులు, ఆ గదిని ఆనుకుని ఒక బాత్‌రూం. మగ్గాల చప్పుడు మీద మాట్లాడాలంటే అరవాలి కాబట్టి మా ఇంట్లో "ఉప్పు అందుకో" అన్నా కొట్లాటకు పిలిచినట్టే ఉండేది. ఆ ఏడాది కార్మికులంతా ఊళ్లకు వెళ్లిపోయి మగ్గాలు ఆగిపోయాయి. మా గొంతులు మాత్రం ఆగలేదు. కూరలో ఉప్పు సరిపోయిందా అని అమ్మ బాపును అడిగితే, సందుకు అవతల గ్యాలరీలో, అంటే మేడ ముందరి వసారాలో, కూర్చున్న ఎదురింటి మామ "జర ఎక్కువైనట్టున్నది చెల్లె, బావ ముఖం సూస్తే తెలుస్తలేదా" అని జవాబు చెప్పేవాడు. (ఆయన మాకు చుట్టం కాదు, మా జిల్లావాడు. సూరత్‌లో అది చుట్టరికం కంటే గట్టిది.)

బాపు కింది కార్ఖానాలో మాస్టర్. మాస్టర్ అంటే బడి పంతులు కాదు, మగ్గం మొరాయిస్తే పానా పట్టుకుని వెళ్లి దాన్ని దారికి తెచ్చే మనిషి. పన్నెండో క్లాసు అయ్యాక నేను ఆ దారి పట్టకుండా, కంప్యూటర్ ముందు కూర్చుని చీరల మీదికి ఎంబ్రాయిడరీ పువ్వులు గీసే పనిలో చేరాను. బాపు లెక్కలో అది పని కాదు, చలువ గదిలో కూర్చోవడానికి ఒక వంక. "మౌసు వట్టిన చెయ్యి పానా వట్టదు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. ఆ మాటలో అబద్ధమేమీ లేదని ఒప్పుకోవాలి. ఒకసారి ఫ్యాను రెక్కలు విప్పి తుడవమంటే తుడిచి తిరగేసి బిగించాను. ఆ ఎండాకాలం మా ఫ్యాను గాలినంతా పైకి పంపి, కప్పును చల్లగా ఉంచింది. కింద మేము చెమటలు కక్కుకుంటూ కూర్చున్నాం. అప్పటి నుంచి నాకు చేతగానోడని పేరు పడిపోయింది. ఇరవయ్యేళ్ల వయసులో అలాంటి పేరు ఎంత మండుతుందో మోసినవాడికే తెలుస్తుంది. బాపు ముందు ఒక్క పని, ఒక్కటంటే ఒక్కటి, సరిగ్గా చేసి చూపాలని నాకు లోలోపల చాలా ఆశగా ఉండేది.

ఇక తలుపు సంగతి. వెనక గదికి తలుపు ఉందని మాకు తెలుసుగానీ, అది మూసుకునే వస్తువని తోచలేదు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి అది గదిలోపలి గోడకు ఆనుకుని అలా నిలబడే ఉంది. దానికి పదకొండు మేకులు. వాటికి బాపు చొక్కాలు, అమ్మ చేతిసంచి, గొడుగు, రేషన్ సంచి, టార్చిలైటు, అన్నిటికీ వెనకాల పాత క్యాలెండర్లు (దేవుడి బొమ్మ ఉన్నదాన్ని పారేయకూడదు కదా, ఏటికొకటి చొప్పున ఒకదాని మీద ఒకటి) వేలాడేవి. మాకు బీరువా లేదు, తలుపే బీరువా. అయినా రెండు గదుల్లో ముగ్గురుండే ఇంట్లో తలుపు మూశాడంటే ఆ మనిషి అలిగాడనో, లోపల ఒక్కడే ఏదో తింటున్నాడనో అర్థం. అందుకని ఎవరూ మూసే ప్రయత్నం చేయలేదు, దాని కబ్జాలు ఎలా ఉన్నాయో ఎవరూ వంగి చూడలేదు. (కబ్జాలంటే తలుపు బందులు. మా ఇంట్లో ఆ మాటే అంటాం.)

వానాకాలం మొదట్లో బాపుకు జ్వరం వచ్చింది. ముక్కులో పుల్ల పెట్టి పరీక్ష చేశారు, ఉందన్నారు. తల నుంచి కాళ్ల దాకా తెల్లటి తొడుగు వేసుకున్న ఒక బెన్ వచ్చి (అక్కడ ఆడవాళ్లందరూ బెన్‌లే, అంటే అక్కలే) గ్యాలరీలో నిలబడి బాపు వేలికి క్లిప్పు పెట్టి చూసింది. ఊపిరి బాగానే ఉంది, ఇంట్లోనే ఉండొచ్చు, కానీ వేరే గది ఉండాలి, దానికి బాత్‌రూం ఉండాలి, తలుపు మూసుకోవాలి అంది. గది ఉంది, బాత్‌రూం ఉంది (మిగతా ఇద్దరికీ కింద కార్ఖానాది చాలు). "బారణూ బంద్ థాయ్ ఛే?" అంది, తలుపు మూసుకుంటుందా అని. మేం ముగ్గురం మొదటిసారి ఆ తలుపును తలుపు అన్న దృష్టితో చూశాం. "ఎందుకు మూసుకోదు" అని అమ్మ ధైర్యంగా అనేసింది. మూసి చూపించమంది బెన్. నేను వెళ్లి తోశాను. తలుపు జానెడు కదిలి, పదకొండు మేకుల సంసారంతో సహా ఒక పక్కకు ఒరిగి, కింది మూల నేలకు తన్నుకుని ఆగిపోయింది. గొడుగు ఊడి నా కాలి మీద పడింది. బెన్ ఏదో రాసుకుని, రేపు పది గంటలకు మళ్లీ వస్తాను, మూసుకుంటే సరే, లేకపోతే బండి వచ్చి కాకాను, అంటే బాపును, రోగులందరినీ ఉంచే హాలుకు తీసుకెళ్తుంది, అక్కడ మంచాలున్నాయి, అన్నం పెడతారు, భయపడేదేమీ లేదు అని మెల్లగానే చెప్పింది. మంచి మనిషి, తనుమాత్రం ఏం చేస్తుంది.

బెన్ మెట్లు దిగిపోయాక బాపు కింద పడ్డ గొడుగు తీసి మేకుకు తగిలించాడు. "నేను పోను" అన్నాడు. "ఎందుకు బాపు, రెండు వారాలే గదా" అన్నాను. "ఆడ చాయ్ మంచిగుండదట" అన్నాడు. పదిహేనేళ్ల వయసులో ఊరు విడిచి రైలెక్కి వచ్చిన మనిషి, మగ్గంలో వేలు నలిగితే గుడ్డ చుట్టుకుని పొద్దుగూకే దాకా పనిచేసిన మనిషి, చాయ్‌కి భయపడతాడా? మాస్కు పైన కనిపించే ఆ రెండు కళ్లు చాయ్ సంగతి చెప్పడం లేదు. రేపు పది గంటలకు ఆ తలుపు మూసుకోకపోతే బాపు ఒక్కడే బండెక్కాలి. "నేను బిగిస్త" అన్నాను. ఎదురు గ్యాలరీలోంచి మామ "చెల్లె, జెరమున్నా మంచిదే, జర బావనే బిగించుమను" అన్నాడు.

వడ్రంగులు ఎవరి ఊరికి వాళ్లు వెళ్లిపోయారు. మా సందుకు రెండు వైపులా వెదురుబొంగులు కట్టేశారు కాబట్టి సామాన్ల దుకాణం దాకా పోయే దారి లేదు. ఉన్న కబ్జాలతోనే పని కావాలి. బాపు మాస్కు కట్టుకుని గది చివర కిటికీ పక్కన కుర్చీలో కూర్చున్నాడు, నేను ఒకదాని మీద ఒకటి రెండు మాస్కులు కట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాను. ముందు పదకొండు మేకుల సామానును ఖాళీ చేయించాం. అంత పాత కాపురాన్ని అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంటూ నూలు సంచుల మీదికి మార్చింది. తలుపు అందంగా కనపడాలని నేను ఆ మేకులను కూడా పీకేశాను. (ఈ మేకులు పీకే పని ఎవరూ నన్ను చేయమనలేదు.) అప్పుడు బయటపడ్డాయి కబ్జాలు. పైది ఒక్క మర మీద వేలాడుతోంది, నడిమిదాని మీద పాత రంగు అట్ట కట్టింది, కిందిది తుప్పు. బాపు వాటిని చూసి, మూలుగుతూనే, "పాపం, ఇన్నేండ్లు మన సామాన్ మోసినయి గదరా" అన్నాడు.

అరిగిన మర బెజ్జాల్లో అగ్గిపుల్లలు కొట్టి మళ్లీ మర బిగించడం, తుప్పు గీకి మగ్గం నూనె పోయడం, ఇవన్నీ బాపు చెప్పాడు, నేను చేశాను. ఆశ్చర్యం, అవి కుదిరాయి. ఇక చివరిది పత్తా. పత్తా అంటే జెకార్డు మగ్గానికి డిజైను కోసం వేసే బెజ్జాల అట్ట. సూరత్‌లో నేతపని చేసేవాళ్ల ఇళ్లలో ఏది వదులైనా దాని కింద ఒక పత్తా ముక్క పోతుంది. మంచం కోడు, కిటికీ రెక్క, కుక్కర్ పిడి, బాపు చెప్పు, అన్నిటికీ అదే మందు. "కింది కబ్జా ఎనుక ఒక్క పత్తా ముక్క వెట్టు. తలుపు మూల పైకి లేస్తది" అని చెప్పి బాపు మాత్ర వేసుకుని నిద్రపోయాడు. నేను ఒక ముక్క పెట్టాను. నిజంగానే తలుపు మూల నేల విడిచి లేచింది! అంత సంతోషం నేను తట్టుకోలేకపోయాను. కిందిదానికి ఒక ముక్క ఇంత మేలు చేస్తే, మూడింటికీ రెండేసి ముక్కలు పెడితే ఎంత మేలు చేస్తుంది? ఆపేవాళ్లు ఎవరూ లేరు. మూడు కబ్జాల వెనకా రెండేసి పెట్టి గట్టిగా బిగించేశాను. సాయంత్రానికి తలుపు నిటారుగా నిలబడింది. "పోరడు పనిమంతుడే" అని మామ కూడా అటునుంచి ఒప్పుకున్నాడు. ఆ రాత్రంతా వాన పడుతూనే ఉంది.

తెల్లవారి పది కావడానికి పది నిమిషాలు. "లోపటి దిక్కునుంచి మూసి సూడు, సందుల్లకెళ్లి ఎలుగు వస్తదా లేదా ఎరుకైతది" అన్నాడు బాపు. నేను లోపలికి వచ్చి వేలితో తోశాను. మగ్గం నూనె తాగిన కబ్జాలు కిక్కురుమనకుండా తిరిగాయి. తలుపు తనంతట తానే వెళ్లి, ధప్పున చౌకట్లో కూర్చుంది. వెలుగు కాదు కదా, చీమ దూరే సందు లేదు. నేను బాపు వైపు తిరిగాను. ఆయన తల ఊపి "శెభాష్" అన్నాడు. పుట్టిన ఇరవయ్యేళ్లకు ఆయన నోట వచ్చిన మొదటి శెభాష్! నా బతుకు అక్కడే ఆగిపోతే ఎంత బాగుండేది. కానీ బాపు, "ఇగ తియ్యి" అన్నాడు.

తీయడానికి పట్టుకునేదేదీ లేదు. మూసే తలుపైతే కదా ఎవరైనా దానికి పిడి పెట్టేది. ఉన్న పదకొండు మేకులనూ నిన్న నేనే పీకేశాను. గోళ్లతో గీకాను. అవతలి నుంచి అమ్మ రెండు చేతులతో తోసింది, నడుముతో తోసింది, చివరికి వీపు ఆనించి కాళ్లు నేలకు తన్నిపెట్టి తోసింది. తలుపు కదల్లేదు. తర్వాత అర్థమైంది: కబ్జా వెనక ఎంత మందం పెడితే తలుపు అంత అవతలికి జరుగుతుంది. నా ఆరు ముక్కలు దాన్ని రెండోవైపు చౌకట్లోకి నెట్టాయి, వానకు ఉబ్బిన చెక్క మిగతా పని పూర్తి చేసింది. "గుద్దుండ్రి! గుద్దితే పోతది!" అని మామ గ్యాలరీలో గెంతుతున్నాడు. సరిగ్గా అప్పుడు బెన్ వచ్చింది.

వస్తూనే మూసిన తలుపు చూసి "సరస్! బహు సరస్!" అని ముచ్చటపడింది. కాకా లోపలే ఉన్నాడు కదా? ఉన్నాడు. మరి అబ్బాయేడీ? వెనక గదికి గ్యాలరీ వైపు ఊచల కిటికీ ఒకటి ఉంది. నేను అందులోంచి చెయ్యి ఊపాను. బెన్ చేతిలోని కాగితం వైపు, నా వైపు, తలుపు వైపు మార్చి మార్చి చూసింది. తన ఉద్యోగంలో ఇలాంటిది ఇంకా చూసినట్టు లేదు. చివరికి తీర్పు చెప్పింది: తలుపు తీసుకుని రాగలిగితే వచ్చి మేడ మీద కార్ఖానావాళ్ల రేకుల గదిలో (దానికి బాత్‌రూం లేదు) వేరుగా ఉండు. రాలేకపోతే కాకాతో పాటు నీకూ పద్నాలుగు రోజులు, మాస్కు తీయకుండా దూరంగా పడుకో. "పణ్ తోడతా నహి!" పగలగొట్టడం మాత్రం వద్దు, పగిలిన తలుపు మూసుకోదు, మూసుకోకపోతే కాకాను హాలుకు పంపాల్సిందే. ఆ మాటతో గుద్దడానికి మెట్లెక్కి వస్తున్న మామ మధ్యలోనే ఆగిపోయాడు. బెన్ కాగితంలో ఒకటి కొట్టేసి రెండు అని రాసి వెళ్లిపోయింది.

బాపుకు కోపం వచ్చింది. "కిందిదానికి ఒక్కటి వెట్టుమంటె మూడింటికి ఆరు వెడ్తవా?" అని ఊగిపోయాడు. నేను గోడకు అతుక్కుపోయి నిలబడ్డాను. తర్వాత కూర్చున్నచోటి నుంచే కబ్జాల వైపు కొంచెంసేపు చూశాడు. కోపం పోయి, కళ్లలో ఒక రకం వెలుగు వచ్చింది. మగ్గం ఎందుకు ఆగిందో తెలిసిపోయినప్పుడు ఆయన కళ్లు అలాగే మెరుస్తాయి. "దీనికి దారున్నది. నేను జెప్ప. కబ్జా ఏం పని జేస్తదో సూడు, నీకే ఎరుకైతది. గంటల బయటికి పోతవ్" అన్నాడు. చెప్పి నేర్పిన పని చేతికి అంటదని ఆయన సిద్ధాంతం. కార్ఖానాలో కొత్తవాళ్లకు కూడా అంతే, తప్పు ఎక్కడుందో వాళ్లే వెతుక్కోవాలి. నేను గంట సేపు చూశాను. నాకు కబ్జా కనపడింది, బుద్ధి మాత్రం రాలేదు. ఈలోగా బాపుకు జ్వరం పెరిగింది, తలుపు సంగతి పక్కకు పోయింది.

రెండు రోజులు ఆయన మంచం దిగలేదు. అమ్మ కిటికీ ఊచల్లోంచి జావ, మాత్రలు, తడి గుడ్డలు అందించేది. మధ్యాహ్నం పూట జ్వరం మత్తులో కళ్లు మూసుకునే "ఉన్నవార?" అని అడిగేవాడు. "ఉన్న బాపు" అనేవాణ్ణి. కొంచెంసేపటికి మళ్లీ "ఉన్నవార?" ఆ గొంతు నేను ఎప్పుడూ విన్నది కాదు. మగ్గాల మీద అరిచే గొంతులో అంత చిన్న మాట కూడా ఉంటుందని నాకు తెలియదు. మూడో రోజు ఊరికే కూర్చుని నడిమి కబ్జాను చూస్తుంటే ఒక్కసారిగా అర్థమైంది. ఒక రెక్క చౌకట్టును పట్టుకుని ఉంది, ఒక రెక్క తలుపును పట్టుకుని ఉంది, ఆ రెండింటినీ కలిపి పట్టుకున్నది నడుమ దూర్చిన ఒక ఇనుప పుల్ల. ఆ పుల్ల ఉన్నది మా వైపే. కింద నుంచి మేకు పెట్టి రెండు దెబ్బలు వేస్తే పైకి వచ్చేస్తుంది. మూడు పుల్లలు తీస్తే తలుపు విరగదు, పగలదు, ఊడి వచ్చి చేతిలో ఉంటుంది. పత్తాలు తీసేసి మళ్లీ తగిలించుకోవచ్చు. నేను ఆనందంతో లేచి నిలబడి, "బాపూ!" అని అరవబోయాను. అప్పుడే ఆయన "ఉన్నవార?" అన్నాడు.

"ఉన్న బాపు" అని కూర్చున్నాను. నాకు ఆయన మీద ఎంత ప్రేమ ఉందో ఆ నిమిషం దాకా నాకే తెలియదు.

అక్కడి నుంచి నా బతుకులో అన్నిటికంటే కష్టమైన పని మొదలైంది, తెలివితక్కువవాడిలా నటించడం. ఆరో రోజుకు బాపు జ్వరం పూర్తిగా దిగిపోయింది, ఒళ్లు తేలికపడింది, పాఠాలు మళ్లీ మొదలయ్యాయి. కొడుకు తలకెక్కించి బయటికి పంపాలని ఆయన పట్టుదల. "తలుపుకు బలం చెక్కల ఉండదు బిడ్డా. రెండు రెక్కలు, ఒకటి గోడది, ఒకటి తలుపుది. నడుమల ఏమున్నది?" అని అడిగేవాడు. నేను బాగా ఆలోచించినట్టు ముఖం పెట్టి, "నడుమల నూనె ఉన్నది బాపు" అనేవాణ్ణి. నుదురు కొట్టుకునేవాడు. మర్నాడు సుద్దముక్కతో నేల మీద బొమ్మ గీశాడు, పుల్ల దగ్గర బాణం గుర్తు కూడా వేశాడు. "చేప లెక్క ఉన్నది" అన్నాను. ఆ తర్వాత రోజు చపాతీ రెండు ముక్కలు చేసి, వాటి చివరలు చుట్టి, నడుమ పచ్చిమిరపకాయ దూర్చి, ఆ మిరపకాయను మెల్లగా పైకి లాగి నా ముఖంలోకి చూశాడు. ముక్కలు విడిపోయాయి. "సమజైందా?" అన్నాడు ఆశగా. "అయింది బాపు, కారం ఎక్కువైతదని తీసినవ్" అన్నాను. ఆయన చపాతీని అక్కడే వదిలేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు. (ఆ చపాతీ నేను తిన్నాను.)

ఎదురింటి మామ తన వంతు సలహాలు తాను ఇస్తూనే ఉన్నాడు. సబ్బునీళ్లు పొయ్యండ్రి, వేడి ఇస్త్రీపెట్టె తలుపుకు పెట్టి ఉబ్బు దించండ్రి, తిరుపతి కొండకు మొక్కుకోండ్రి. ఒకరోజు ఆయనకు కూడా పుల్ల సంగతి తట్టింది. "ఓ అల్లుడా, ఆ కబ్జాల నడిమి..." అని ఇంకా మాట పూర్తి చేయకుండానే బాపు కిటికీ దగ్గరికి ఒక్క దూకు దూకి "నువ్వు జెప్పకు! ఆడే తెలుసుకోవాలె!" అని సందు దద్దరిల్లేలా అరిచాడు. మామ నోరు మూసుకున్నాడు. ఒకే రహస్యం బాపుకూ, మామకూ, నాకూ తెలిసి, వాళ్లు నా నుంచి, నేను వాళ్ల నుంచి దాచుకుంటూ కూర్చున్నాం. అమ్మ మాత్రం పళ్లెం అందిస్తూ నా ముఖంలోకి ఒకసారి తేరిపార చూసి, "నీకు నిజంగనే తెల్వదార?" అంది. "తెల్వదమ్మా" అన్నాను. "మంచిది, తెల్వకుంటనే ఉండు" అని వెళ్లిపోయింది.

పాఠాలు చెప్పి అలసిపోయాక బాపు వేరే మాటలు మాట్లాడేవాడు. మగ్గాలు లేవు కాబట్టి మెల్లగా మాట్లాడినా వినపడేది. సూరత్‌కు వచ్చిన కొత్తలో కార్ఖానాలోనే, మగ్గాల నడుమ సందుల్లో, ఇరవై మంది కాళ్లూ తలలూ కలిపి పడుకునేవాళ్లట. ఒకడు షిఫ్టుకు లేస్తే ఆ వెచ్చటి జాగాలో ఇంకొకడు పడుకునేవాడట. ఊళ్లోనూ అంతే, ఆరుగురు అన్నదమ్ములు ఒకే సాప మీద. "ఒక్కన్ని పండుకున్న యాదే లేదురా నాకు, యాభై ఏండ్లొచ్చినయి" అన్నాడు నవ్వుతూ. హాలులో చాయ్ ఎందుకు బాగుండదో నాకు అప్పుడు పూర్తిగా తెలిసింది. నేనూ నా పువ్వుల సంగతి చెప్పాను. ఒక పువ్వు గీస్తే సూది ఎటు నుంచి ఎటు పోవాలో, ఎక్కడ తెగాలో, ఎక్కడ ముడి పడాలో అన్నీ ముందే రాయాలని చెప్పాను. శ్రద్ధగా విని, "అయితే నువ్వు గూడ మాస్టర్‌వే. సూదికి మాస్టర్" అన్నాడు. ఆ వెంటనే, "కబ్జాల కాడనే మొద్దువు" అన్నాడు.

పద్నాలుగో రోజు బెన్ వచ్చి, మళ్లీ క్లిప్పు పెట్టి చూసి, ఇద్దరూ బాగున్నారు, ఇక బయటికి రావచ్చు అంది. నాకెందుకో ఒక్క దగ్గు కూడా రాలేదు. సందులోని గ్యాలరీలన్నీ నిండిపోయాయి. ఆ రోజుల్లో మనుషులకు వేరే సినిమా ఏముంది? బాపు తలుపు ముందు నిలబడి, మేకు ఒక చేత, పానా ఒక చేత పట్టుకుని, అందరికీ వినపడేలా "ఆఖరుసారి అడుగుతున్న. కబ్జా నడుమల ఏమున్నది?" అన్నాడు. సందంతా నా జవాబు కోసం ఎదురుచూస్తోంది. చెప్పేస్తే చేతగానోడన్న పేరు ఆ నిమిషంతో పోయేది. కానీ ఇన్ని రోజులూ నటించానని ఆయనకు తెలిసిపోయేది. "తెల్వది బాపు" అన్నాను తలొంచుకుని. టక్, టక్, టక్. మూడు పుల్లలూ పైకి వచ్చాయి. బాపు రెండు చేతులతో తలుపును ఎత్తి పక్కన పెట్టాడు. అవతల అమ్మ నిలబడి ఉంది. గ్యాలరీల్లో చప్పట్లు! బాపు ఎన్నో మగ్గాలు బాగు చేసి ఉంటాడుగానీ, ఎవరూ ఆయనకు చప్పట్లు కొట్టి ఉండరు. "రెండు వారాలు ముంగట వెట్టుకొని సూసిండు! చపాతీ చేసి సూపెట్టిన! అయినా సమజు కాలె!" అని మెడ తిప్పి అందరికీ చెబుతున్న ఆ ముఖంలోని సంతోషాన్ని నేను మళ్లీ ఎన్నడూ చూడలేదు. ఆ సంతోషం కోసం ఇంకో ఇరవయ్యేళ్లు మొద్దుగా ఉండమన్నా ఉండేవాణ్ణి.

ఆ మాట మీద నన్ను నిజంగానే ఉంచేశారు. నా పెళ్లిచూపుల్లో బాపు నా ఉద్యోగం కంటే ముందు చపాతీ కథ చెప్పాడు. (అమ్మాయి నవ్వింది. సంబంధం కుదిరింది కాబట్టి ఫిర్యాదు లేదు.) ఇప్పుడు మేం అద్దెకుంటున్న ఇంట్లో నాలుగు తలుపుల్నీ బిగించింది నేనే, ఒక్కటీ కిర్రుమనదు. ఆ మాట బాపుకు మాత్రం చెప్పను. వచ్చినప్పుడల్లా వాటిని తెరిచి మూసి "మంచి మేస్త్రి దొరికిండు నీకు" అంటాడు, నేను అవునంటాను.

మొన్న మా వాళ్ల పెళ్లిలో భోజనాల బంతిలో కూర్చుని ఆయన ఆ కథ మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతుంటే, కొత్తగా పరిచయమైన ఒక పెద్దాయన అన్నం కలుపుతూ, "ఆడికి తెల్వదు సరే, నీకు మొదటి దినమే తెలుసునంటివి గదా. మరి నువ్వెందుకు తియ్యలే?" అని అడిగాడు. ఇన్నేళ్లలో ఎవరూ అడగని ప్రశ్న అది. బాపు గ్లాసు ఎత్తి నీళ్లు తాగాడు, నా వైపు చూడలేదు. "జెరం గదనయ్యా. పద్నాలుగు దినాలు జెరం. లేవస్తే గదా" అన్నాడు. జ్వరం ఆరో రోజే పోయింది. ఆ సంగతి ఆయనకు తెలుసు, నాకు తెలుసు. నేను తల దించుకుని పప్పులో నెయ్యి వేసుకుంటూ, బుద్ధిమంతుడిలా నోరు మూసుకుని కూర్చున్న ఆ ఇరవయ్యేళ్ల మొద్దును తలుచుకుని నవ్వుకున్నాను. అన్నాళ్లూ తనొక్కడే నటిస్తున్నాననుకున్నాడు, పిచ్చివాడు.